రాయగడ దగ్గర మూతపడ్డ వంద టన్నుల యాసిడ్ ప్లాంటు: కొనాలా, లీజుకి నడపాలా?

నాగావళి ఒడ్డు, రాయగడ — ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా తాతగారు పార్వతీపురం నుంచి వచ్చి రాయగడలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఈ గ్రూపులో విశాఖ ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన పెద్దలు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

మా జిల్లాలో ఒక సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు ఉంది. గంధకం కాల్చి యాసిడ్ తీసే రకం, రోజుకి వంద టన్నులది. నాలుగేళ్ళుగా మూతపడి ఉంది. మా నాన్నగారు అందులో పంతొమ్మిదేళ్ళు ఆపరేటరుగా చేశారు. నేను మంచినీళ్ళ ప్లాంట్లకీ చిన్న ఫ్యాక్టరీలకీ పటిక, యాసిడ్, కాస్టిక్ తెచ్చి అమ్ముతుంటాను. ఈమధ్య ప్లాంటు ఓనరుగారి అబ్బాయి కబురు పెట్టారు. బ్యాంకు బాకీ కట్టి మొత్తం కొనుక్కోమన్నారు. లేదంటే అయిదేళ్ళు లీజు: ప్లాంటు, లైసెన్సులు వాళ్ళ కంపెనీ పేరునే ఉంటాయి, నడిపేది మేము, టన్నుకి ఇంత అని వాళ్ళకి కట్టాలి.

మేము అయిదుగురం. నేను, మా బావ, నాన్నగారితో పనిచేసిన ముగ్గురు. బావ లీజే మేలంటున్నాడు, చేతి నుంచి పెట్టేది తక్కువని. నాన్నగారు రెండు రోజులుగా ఏమీ అనడం లేదు. ఆయన అలా ఊరుకోవడం చూసే ఇక్కడ అడగాలనిపించింది.

పాత షిఫ్టు, పర్లాకిమిడి — ఆదివారం, రాత్రి 10:35

బాబూ, మీ నాన్నగారు ఎందుకు మాట్లాడటం లేదో నాకు కొంత తెలుస్తోంది. పంతొమ్మిదేళ్ళు గ్యాసుని మార్చే కన్వర్టరు పక్కన నిలబడ్డవాడికి ముందు రాత్రి షిఫ్టే గుర్తొస్తుంది, డబ్బు తరవాత.

నేను విశాఖ జింక్ స్మెల్టరులో యాసిడ్ సెక్షన్లో చేశాను, 2012లో అది మూతపడేదాకా. అక్కడ జింకు ఖనిజాన్ని వేయిస్తే వచ్చే గ్యాసునే యాసిడ్ చేస్తారు. తరవాత గంధకం కాల్చే ప్లాంట్లు రెండు మొదలెట్టించడానికి వెళ్ళాను. మీది కాస్త సులువు రకం. గ్యాసు శుభ్రంగా వస్తుంది.

ధర గురించి మాట్లాడే ముందు ఒక సంగతి చెప్పండి. ఆఖరి రోజున ప్లాంటుని ఎలా ఆపారు? గంధకం ఆపేశాక వేడి పొడిగాలి గంటల తరబడి ఊది, కేటలిస్టు (ఉత్ప్రేరకం)లో ఉండిపోయిన గ్యాసునంతా బయటికి తోలాలి. అలా తోలితే నాలుగేళ్ళైనా లోపలి సామాను చాలావరకు నిలుస్తుంది. తోలకపోతే, చల్లబడేటప్పుడు ఆ గ్యాసు తేమ పీల్చి పలచని యాసిడై కారుతుంది. తొంభై ఎనిమిది శాతం యాసిడ్‌ని మామూలు ఇనప ట్యాంకులో నిలవ ఉంచవచ్చు, ఇనుము మీద సల్ఫేటు పొర కట్టి కాపాడుతుంది. పలచబడిన యాసిడ్‌కి ఆ మొహమాటం లేదు, ట్యూబుల్ని తినేస్తుంది.

రెండోది, మీది సింగిల్ అబ్జార్ప్షనా, డబులా? తెలియనివారి కోసం చెబుతాను. గంధకం 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్ని 135-145 మధ్య ఉంచి స్టీము జాకెట్టున్న పైపుల్లో పంపుతారు. 160 దాటిందా, నీళ్ళలా పారేది కాస్తా జిగురైపోయి పంపు ఎత్తదు. కొలిమిలో మండితే గ్యాసు వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, ఆ వేడిని బాయిలరు తీసుకుంటుంది. 420 దగ్గర గ్యాసు కన్వర్టరులోకి వెళుతుంది. వెనేడియం కేటలిస్టు మీద సల్ఫర్ డయాక్సైడు ట్రయాక్సైడు అవుతుంది. అప్పుడు మళ్ళీ వేడి పుడుతుంది కాబట్టి ఒక్కో పరుపు, అంటే కేటలిస్టు పొర, తరవాత చల్లార్చుకుంటూ నాలుగు పరుపులు దాటిస్తారు. చివర్లో ఆ ట్రయాక్సైడుని నీళ్ళలో కలపరు. కలిపితే పట్టుకోలేని పొగమంచు అవుతుంది. చిక్కటి యాసిడ్‌లోనే పీల్పించి, తరవాత నీళ్ళు చేర్చుకుంటారు.

డబుల్‌లో అయితే మూడో పరుపు తరవాత ఒకసారి యాసిడ్‌లో పీల్పించి, మిగిలినదాన్ని నాలుగోదానికి పంపుతారు. మార్పిడి 99.7 శాతం దాకా వస్తుంది. సింగిల్‌లో 98 దగ్గర ఆగుతుంది. తేడా చిన్నదే కదా అనుకోకండి. వంద టన్నుల యాసిడ్‌కి ముప్ఫై మూడు టన్నుల గంధకం కాలుతుంది, అరవై ఆరు టన్నుల సల్ఫర్ డయాక్సైడు పుడుతుంది. అందులో రెండు శాతం అంటే రోజుకి టన్నూ మూడొందల కిలోలు చిమ్నీలోంచి ఊరి మీదికి. 0.3 శాతమైతే రెండొందల కిలోలు. ఏ రకం ప్లాంటో తెలియకుండా ఓనరుతో ధర మాట్లాడకండి.

కొరాపుట్ మంచు, సెమిలిగుడ — సోమవారం, ఉదయం 7:20

నాకు బావగారి మాటే సబబుగా ఉంది. నడిచేదీ నడవనిదీ తెలియని ప్లాంటుకి కోట్లు పెట్టేకంటే ఒక ఏడాది లీజుకి నడిపి చూడటం మేలు. నష్టమొస్తే తాళాలిచ్చేసి బయటపడొచ్చు. మన వైపు కాగితం మిల్లు ఉంది, అల్యూమినా రిఫైనరీలున్నాయి. యాసిడ్ కొనేవాళ్ళకి కొదవ లేదు.

బరంపురం పద్దులు, బరంపురం — సోమవారం, ఉదయం 11:05

నేను ఆడిటరుని, యాసిడ్ చేయడం నాకు తెలియదు. ఫ్యాక్టరీలు చేతులు మారినప్పుడు కాగితాలు చూడటం నా పని.

ముందు వ్యాపారం. టన్ను యాసిడ్‌కి దాదాపు 330 కిలోల గంధకం. గంధకం టన్ను మీద వెయ్యి రూపాయలు పెరిగితే మీ యాసిడ్ టన్ను మీద 330 పెరిగినట్టే. ఇప్పుడు గంధకం గనుల్లోంచి కన్నా చమురు, గ్యాసు శుద్ధి చేసేచోటే ఎక్కువ వస్తోంది. మనకి విశాఖలో, పారదీప్‌లో రిఫైనరీలున్నా ధర మాత్రం ప్రపంచ బజారుదే. 2008 మధ్యలో టన్ను ఎనిమిది వందల డాలర్ల దాకా ఎగబాకింది, ఆ ఏడాది ముగిసేలోపే వంద కిందికి పడింది. ఎత్తులో ఉన్నప్పుడు సరుకు నిలవ చేసినవాళ్ళ పుస్తకాలు తరవాత నేను చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంకో పోటీ స్మెల్టర్లది. రాగి, జింకు తీసేవాడికి యాసిడ్ ఉపఉత్పత్తి. ట్యాంకులు నిండితే ప్లాంటే ఆపుకోవాలి కాబట్టి వచ్చిన ధరకి తోలేస్తాడు. తూత్తుకుడి కాపర్ స్మెల్టరు 2018లో మూతపడినప్పుడు దక్షిణాదిలో యాసిడ్‌కి కటకట వచ్చింది. పెద్ద స్మెల్టరు ఒకటి తెరిచినా మూసినా మీ ధర మారిపోతుంది, మీ ప్రమేయం ఏమీ ఉండదు.

మీ చేతిలో ఉండే లాభం స్టీము. గంధకం యాసిడ్ అయ్యేలోపు పుట్టే వేడితో టన్ను యాసిడ్‌కి టన్నుకి పైగా స్టీము వస్తుందని ఈ రంగంవాళ్ళు చెబుతారు. అంటే గంటకి నాలుగైదు టన్నులు. పక్కన స్టీము కొనేవాడు ఉన్నాడా? ఉంటే యాసిడ్ ధర పడినా నిలబడతారు. లేకపోతే ఆ వేడి ఆకాశానికే.

ఇక కొరాపుట్ మిత్రులకి. తాళాలిచ్చి బయటపడటం ఇలాంటి ఫ్యాక్టరీల్లో కుదరదండీ. ఫ్యాక్టరీల చట్టంలో ఆక్యుపయరు అని ఒకరుంటారు, ఫ్యాక్టరీ వ్యవహారాల మీద అంతిమ అజమాయిషీ ఉన్న మనిషి. భోపాల్ తరవాత 1987లో చట్టాన్ని సవరించి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయరు అన్నారు. జీతానికి పెట్టుకున్న మేనేజరు పేరు రాసి తప్పించుకుందామనుకున్నవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1996లో కుదరదని తీర్పొచ్చింది. ఆక్యుపయరు అన్న మాట ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. మీ లీజులో లైసెన్సు వాళ్ళ పేరున, వాల్వు మీద చెయ్యి మీది. ప్రమాదం జరిగితే ఇద్దరూ ఎదుటివాణ్ణి చూపిస్తారు.

స్థలం సంగతి కూడా అడగండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకుండా 1956 నాటి రెగ్యులేషను ఉంది, 2002లో ఇంకా బిగించారు. ఇడ్కో (ఒడిశా ప్రభుత్వ పారిశ్రామిక స్థలాల సంస్థ) లీజు స్థలమైతే ఆ లీజు బదిలీకి వాళ్ళ అనుమతి కావాలి. ప్రైవేటుగా కొన్నదైతే మూలపట్టా దాకా తవ్వి చూడాల్సిందే.

బల్లార్షా బిడ్డ, బల్లార్పూర్ — సోమవారం, రాత్రి 8:50

అన్నా, మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి మిల్లు పనికి వచ్చిండు. మీ ముచ్చట చదివినంక రాయకుండ ఉండలేకపోయిన.

మా బాపు ఒక యాసిడ్ ప్లాంటుల పని చేసిండు. ఏ ప్లాంటో చెప్పను. ప్లాంటు ఒకలది, నడిపేది లీజుకు తీసుకున్న ఇంకొకలు, మా బాపోళ్ళు ఆ లీజుదారు కింద కాంట్రాక్టు లేబరు. ఒకనాడు రాత్రి డ్యూటీల యాసిడ్ స్ట్రెంత్, అంటే చిక్కదనం, దిగుడు మొదలైంది. నీళ్ళు కలిపే వాల్వు దానంతల అదే మూసుకున్నది, అయినా స్ట్రెంత్ దిగుతనే ఉన్నది. బాపుకు సమజైంది, యాసిడ్ చల్లార్చే కూలర్ల ట్యూబు పగిలి నీళ్ళు యాసిడ్‌ల కలుస్తున్నయని. బంద్ చేద్దామని సూపర్‌వైజర్‌కు చెప్పిండు. ఆయన లీజుదారుకు ఫోన్ చేసిండు. లీజుదారు, ఓనర్‌ను అడగకుండ బంద్ పెట్టద్దు, అగ్రిమెంటుల టన్నుల లెక్క ఉన్నది అన్నడట. ఓనర్ ఫోన్ ఎత్తలే.

తెల్లారి నాలుగ్గంటల దాక నడిపిన్రు. పలచబడ్డ యాసిడ్ కాగి కాగి పైపును తిన్నది. అది పలిగినప్పుడు బాపు, ఇంకొకాయన దగ్గర్ల ఉన్నరు. బాపుకు ఎడమ చెయ్యి కాలింది, ఒక కన్ను పోయింది. అవతలాయన పదకొండు దినాలు దవాఖానల ఉండి చనిపోయిండు.

ఆ తర్వాత ఓనర్ దగ్గరికి పోతే మా లేబరు కాదన్నడు. లీజుదారు దగ్గరికి పోతే ప్లాంటు నాది కాదన్నడు. మా అమ్మ, నేను తొమ్మిది నెలలు తిరిగినం. నాకప్పుడు పద్నాలుగేండ్లు.

లీజు తీసుకోవద్దని నేను చెప్పను. ప్లాంటు బంద్ పెట్టే అధికారం రాత్రి డ్యూటీల నిలబడ్డ మనిషికి ఉన్నదా లేదా, గంతే అడుగుతున్న.

నాగావళి ఒడ్డు — సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు కూర్చున్నారు. "వాల్వు మూసుకుపోయిందంటే అదే, కూలరే" అని, ఇంకేం అనలేదు. మీ నాన్నగారికి మా నమస్కారాలు చెప్పండి.

బరంపురం పద్దులు — మంగళవారం, ఉదయం 9:30

బల్లార్షా బాబూ, ఆనాడు మీ అమ్మగారికి ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇంకొకరికి పనికిరావచ్చు.

1985 డిసెంబరు 4న ఢిల్లీలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం లీకైంది. ఓలియం అంటే ట్రయాక్సైడు ఎక్కువగా కరిగి ఉన్న సల్ఫ్యూరిక్ యాసిడే. ఆ కేసులో 1986లో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత అనే సూత్రం పెట్టింది. ప్రమాదకరమైన పని పెట్టుకున్నవాడు, ఎంత జాగ్రత్త తీసుకున్నా సరే, హాని జరిగితే పరిహారం ఇవ్వాల్సిందే. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలనీ చెప్పింది.

1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం వచ్చింది. అది బయటి జనం కోసం, పనివాళ్ళకి వేరే చట్టాలున్నాయి. కానీ అందులో ఓనరు అంటే ఎవరో రాసిన తీరు చూడండి: ప్రమాదకర పదార్థం సొంతదారు, లేదా దాన్ని వాడటం మీద అదుపు ఉన్న మనిషి. అంటే లీజుకి నడిపేవాడూ ఓనరే. రాయగడ మిత్రుల బావగారు తక్కువ పెట్టుబడి అనుకుంటున్న దారిలో బాధ్యత మాత్రం తక్కువ కాదు.

వంశధార టీచరు, గుణుపురం — మంగళవారం, సాయంత్రం 5:40

నాకు ఫ్యాక్టరీ లోపలి సంగతులు తెలియవు. గోడ బయటి సంగతి చెప్తాను.

పాత ఉద్యోగంలో ఇలాంటి ప్లాంటుకి కిలోమీటరున్నర దూరంలో ఉన్న బళ్ళో ఆరేళ్ళు చేశాను. మామూలు రోజుల్లో ఏమీ తెలిసేది కాదు. ఆగిన ప్లాంటు మళ్ళీ ముట్టించిన రాత్రే తెలిసేది. గొంతులో మంట, కళ్ళలో నీళ్ళు. పొద్దున బడికొచ్చిన పిల్లల్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు వెనక బెంచీలో కూర్చుని ఊపిరికి కొట్టుకునేవారు. బడి పెరట్లో మేం వేసిన చిక్కుడు పాదు ఆకులు, ఈనెలు పచ్చగానే ఉండి మధ్యమధ్యలో తెల్లగా పాలిపోయేవి. ముట్టించే ముందు ఊళ్ళో ఎవరికీ ఒక మాట చెప్పేవారు కాదు. చెప్పి ఉంటే ఆ పిల్లల్ని ఆ రోజు ఇంట్లోనే ఉంచమనేదాన్ని కదా.

ఎవరు ఓనరు, ఎవరు లీజుదారు అని మీరు ఇంత చర్చిస్తున్నారు. బాగుంది. ఊరికి ముందుగా చెప్పే మనిషి ఎవరో కూడా ఆ కాగితంలో రాయండి.

పాత షిఫ్టు — మంగళవారం, రాత్రి 9:25

అమ్మా, మీరు చెప్పింది నూరుపాళ్ళు నిజం. ప్లాంటు ముట్టించే రోజే అన్నిటికన్నా చెడ్డ రోజు. కేటలిస్టు 400 దాటి వేడెక్కితేగానీ పని మొదలెట్టదు. డీజిలు బర్నరుతో వేడిగాలి పట్టించి నాలుగు పరుపుల్నీ ఆ వేడికి తీసుకురావాలంటే ఒకటిన్నర రోజూ రెండు రోజులూ పడుతుంది. డీజిలు మిగుల్చుకుందామని తొందరపడి, మొదటి పరుపు మాత్రం వేడెక్కగానే గంధకం వదిలేవాళ్ళున్నారు. మారని గ్యాసంతా మీ బడి మీదికి వచ్చింది అలాగే. ఓపిగ్గా వేడిచేసి, చిమ్నీ ముందు గ్యాసుని కడిగే కాస్టిక్ స్క్రబ్బరు పెట్టి, గంధకం మెల్లగా పెంచితే ఆ రాత్రి చాలావరకు మామూలు రాత్రిలాగే గడుస్తుంది. నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. గాలి ఊరి వైపు ఉన్న రాత్రి ముట్టించకూడదు కూడా.

చిమ్నీని చదవడం ఊరివాళ్ళందరికీ రావాలి. సల్ఫర్ డయాక్సైడుకి రంగు లేదు, ఘాటు వాసన ఉంటుంది. చిమ్నీ నుంచి తెల్లగా దట్టంగా వచ్చి దూరం దాకా కలిసిపోకుండా సాగేది యాసిడ్ మంచు. గాలిని పొడిగా చేసే డ్రయింగ్ టవరు సరిగా లేక గాలిలో తేమ మిగిలినా, పీల్చే యాసిడ్ స్ట్రెంత్ 98.5 దగ్గర నిలవకపోయినా, టవరు పైన మంచుని పట్టే క్యాండిల్ ఫిల్టర్లు చెడిపోయినా అలా వస్తుంది. తెల్లగా ఉంటే ఒట్టి ఆవిరి అని గేటు దగ్గర చెబుతారు. ఆవిరి అయితే కాస్త పైకి వెళ్ళి మాయమైపోవాలి.

1987 సవరణలోనే, ప్రమాదాలేమిటో పనివాళ్ళకీ చుట్టుపక్కల జనానికీ చెప్పాల్సింది ఆక్యుపయరే అని ఉంది. ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్లాను ఆక్యుపయరుది, బయటి ఊళ్ళ ప్లాను జిల్లా అధికారులది, అది 1989 నాటి నియమాల్లో ఉంది. టీచరుగారి ఊళ్ళో ఎవరైనా ఆ ప్లాను చూశారా?

వంశధార టీచరు — మంగళవారం, రాత్రి 9:50

లేదండీ. అలాంటిది ఒకటి ఉంటుందనే ఈరోజు విన్నాను.

సాలూరు ఘాటు, సుంకి దారిలో — బుధవారం, ఉదయం 6:15

నేను యాసిడ్ ట్యాంకరు డ్రైవర్ని. విశాఖ నుంచి సాలూరు, సుంకి మీదుగా కొరాపుట్టు, అటు పార్వతీపురం మీదుగా రాయగడ, రెండు దార్లూ తోల్తాను. యాసిడ్ నీళ్ళకన్నా దాదాపు రెట్టింపు బరువు. ఇరవై టన్నులు ఎక్కించినా ట్యాంకు పదకొండు వేల లీటర్లే. పెద్ద ట్యాంకులో సగం సరుకేసి పంపితే ఘాట్లో మలుపు మలుపుకీ లోపల సరుకు ఊగి బండిని లాగీస్తాది. లోపల అడ్డు గోడలున్న బండే కావాలి. రాయగడలోనే ప్లాంటు నడిస్తే ఆ ఘాటు మీద యాసిడ్ బళ్ళు కొన్ని తగ్గుతాయి, ఆ మంచి కూడా లెక్కెయ్యండి. గంధకం లారీలు వస్తాయి గానీ గంధకం బోల్తాపడితే చీపురుతో ఎత్తీవచ్చు.

బండి వెనక 1830 అని సల్ఫ్యూరిక్ యాసిడ్ గుర్తు నెంబరు ఉండాల. అది లేకండా తోలమనీవోళ్ళ దగ్గర నాను ఎక్కను.

జేకేపూర్ రోడ్డు, రాయగడ — బుధవారం, మధ్యాహ్నం 2:30

లీజు అన్న బావని నేనే. అందరూ చెప్పింది చదివాను, కోపం లేదు. కానీ నా వైపు కూడా వినండి. ఇక్కడ చదువుకున్న కుర్రాళ్ళు విశాఖకో హైదరాబాదుకో పోతున్నారు. ప్లాంటు నడిచినప్పుడు లోపల బయట కలిపి వందమందికి పైగా అన్నం తిన్నారు. మా దగ్గర కొనే డబ్బు లేదు. డబ్బు లేనివాడు బాధ్యత గలవాడు కాలేడా? లీజు కాగితం సరిగ్గా రాసుకుంటే చాలు అనుకున్నాను.

డ్రాఫ్టు నిన్ననే వచ్చింది. నెలకి కనీసం 2,200 టన్నులు తీయాలట. తగ్గిన ప్రతి టన్నుకీ పెనాల్టీ. ప్లాంటు ఆపాలంటే యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలట. బల్లార్షా తమ్ముడు రాసింది చదవకపోతే ఆ వాక్యం దాటి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు దాని దగ్గరే ఆగిపోయాను.

పాత షిఫ్టు — బుధవారం, మధ్యాహ్నం 3:40

ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి బాబూ. రోజుకి వంద టన్నుల ప్లాంటు నెలకి 2,200 తీయాలంటే ఇరవై రెండు రోజులు పూర్తి లోడు మీద నడవాలి. కొత్త ప్లాంటుకి అది తేలిక. నాలుగేళ్ళు పడుకున్నదాన్ని ఆ లెక్కకి కడితే చిన్న లీకొచ్చిన ప్రతిసారీ మీ చెయ్యి ఆగుతుంది. యాసిడ్‌లోకి నీళ్ళు దిగుతున్నాయని తెలిశాక గంట ఆలస్యం చాలు. పలచని యాసిడ్ ఇనుముని తింటూ హైడ్రోజను వదులుతుంది, అది టవరు పైభాగంలో పోగుపడి పేలిన ప్లాంట్లున్నాయి. నా షిఫ్టుల్లో రూలు ఒకటే. స్ట్రెంత్ ఎందుకు దిగుతోందో పది నిమిషాల్లో కారణం దొరక్కపోతే గంధకం పంపు ఆపేయడం. ఎవరికి ఫోన్ చేసినా ఆపాకే.

మీ ప్రశ్నకి జవాబు: డబ్బు లేనివాడు బాధ్యత మొయ్యగలడు. ఆపే అధికారం లేనివాడు మొయ్యలేడు.

నాగావళి ఒడ్డు — శుక్రవారం, రాత్రి 9:00

ఈరోజు ప్లాంటు చూసొచ్చాం. నాన్నగారు, ఆయన స్నేహితులు ముగ్గురు, బావ, నేను.

గేటు దాటగానే నాన్నగారు నేరుగా సేఫ్టీ షవరు దగ్గరికి నడిచారు. గొలుసు లాగారు. చుక్క రాలేదు. "యాసిడ్ పడితే ఇరవై నిమిషాలు నీళ్ళ కింద నిలబెట్టాలి, సోడా గీడా పూయకూడదు, నీళ్ళే" అని బావకి చెప్పి, మొదటి ఖర్చు ఇదే రాసుకోమన్నారు.

ప్లాంటు డబుల్ అబ్జార్ప్షనే, ఆ మాట ఊరటనిచ్చింది. పాత షిఫ్టు గారు అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం చెడ్డది. కరెంటు బకాయి కట్టక సప్లై పోయి బ్లోయరు ఆగిపోయిందట, పొడిగాలి ఊదడానికి వీలే లేకపోయింది. ఆ రాత్రి నాన్నగారు అక్కడే ఉన్నారు. నాలుగేళ్ళుగా ఆయన మనసులో ఉన్నది అదేనని నాకు ఇవాళే తెలిసింది. కన్వర్టరు మ్యాన్‌హోల్ తెరిచి చూస్తే మొదటి పరుపు పైన అట్ట కట్టింది, పసుపుగా ఉండాల్సిన కేటలిస్టు ఆకుపచ్చగా మారి ముద్దలైంది. అది మార్చాల్సిందే. పాతదాన్ని ప్రమాదకర వ్యర్థం కింద లెక్క రాసి అప్పగించాలి, గుంటలో పూడ్చడానికి లేదు. గ్యాసు వేడిని మార్చే రెండో ఎక్స్‌ఛేంజరు అడుగు ట్యూబులకి బొక్కలు కంటికే కనబడుతున్నాయి.

యాసిడ్ ట్యాంకులో నలభై టన్నుల దాకా మిగిలి ఉందట. గాలి గొట్టం దగ్గర తేమ పీల్చే సిలికా జెల్ నీలంగా ఉండాల్సింది పూర్తిగా గులాబీ రంగుకి మారింది. ఓనరుగారి మనిషి, ట్యాంకు పైన తుప్పు పట్టిన పైపుని గ్యాస్ కట్టింగుతో తీసేస్తే కొత్తది వేసుకోవచ్చని వెల్డరుని కూడా పిలిపించి ఉంచాడు. నాన్నగారు వెల్డరుని దింపేశారు.

పాత షిఫ్టు — శుక్రవారం, రాత్రి 9:20

మీ నాన్నగారికి నా దండం. ఆయన ఈ రోజు ఒక ప్రాణం కాపాడారు. జెల్ గులాబీ అయిందంటే నాలుగేళ్ళుగా తేమగాలి ట్యాంకులోకి వెళుతోంది. పైపొర యాసిడ్ పలచబడి, మట్టం గీత దగ్గర గోడని తింటూ ఉంటుంది. పుట్టిన హైడ్రోజను కప్పు కింద నిలిచి ఉంటుంది. అక్కడ మంట పెడితే కప్పు లేచిపోతుంది. ముందు యాసిడ్ ఖాళీ చేసి, ట్యాంకుని కడిగి, గాలి పట్టించి, మీటరుతో హైడ్రోజను లేదని చూసి, పర్మిట్టు రాసి, అప్పుడు కట్టింగు. కొద్ది నీళ్ళతో కడిగితే అడుగునున్న యాసిడ్ పలచబడి ట్యాంకుని ఇంకా తింటుంది. ఒకేసారి నిండా నీళ్ళు, ఆ నీళ్ళు సున్నం గుంటలోకి. అప్పటిదాకా ఆ మెట్లకి తాళం వేయించండి.

బరంపురం పద్దులు — శనివారం, ఉదయం 10:10

ఇవన్నీ ఫొటోలతో సహా రాసి పెట్టుకోండి. ఉన్నది ఉన్నట్టు అని బ్యాంకు అమ్మేటప్పుడు ధర తగ్గించేది ఇదే. పొల్యూషన్ బోర్డు అనుమతి కొత్త కంపెనీ పేరున మళ్ళీ తీసుకోవాలి, ఇన్సూరెన్సు మొదటి టన్ను గంధకం రాకముందే ఉండాలి. ఇంకో మాట. కొత్త కంపెనీ పెడితే మీ అయిదుగురిలో ఆక్యుపయరుగా ఎవరి పేరు పెడతారు? డైరెక్టరే అవ్వాలి. జైలుకి వెళ్ళే పేరు అది. ఇది తేల్చుకోకుండా బ్యాంకు దగ్గరికి వెళ్ళకండి.

జేకేపూర్ రోడ్డు — శనివారం, రాత్రి 8:15

లీజు వద్దని ఓనరుగారి అబ్బాయికి చెప్పేశాను. కొనడానికి మా అయిదుగురి డబ్బు చాలదు. స్టీము కొనే పక్క ఫ్యాక్టరీవాళ్ళు వాటాకి వస్తారేమో అడుగుతున్నాం. రాకపోతే ఆగుతాం.

ఆక్యుపయరు పేరు గురించి మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను. ఎవరూ పలకలేదు. మావయ్యగారు, అంటే నాగావళి ఒడ్డు వాళ్ళ నాన్నగారు, చెయ్యి కడుక్కుని వచ్చి, "నా పేరు పెట్టండి. వాటా ఎంత ఇచ్చినా సరే. ఆపేది మాత్రం నేను, నేను లేనప్పుడు షిఫ్టులో ఉన్నవాడు. అది కంపెనీ కాగితంలో మొదటి పేజీలో ఉండాలి" అన్నారు.

బల్లార్షా బిడ్డ — శనివారం, రాత్రి 9:05

మా బాపుకు చదివి చెప్పిన. మొదటి పేజీల రాస్తమన్నది రెండుసార్లు చదివిచ్చుకున్నడు. కూలర్‌కు నీళ్ళ దిక్కు పీహెచ్ మీటరు పెట్టుమని చెప్పుమన్నడు, యాసిడ్ నీళ్ళలకు దిగినా ముందుగాల ఎరుకైతదట.

పాత షిఫ్టు — శనివారం, రాత్రి 9:40

మంచి మాట చెప్పారు, దాన్నీ ఖర్చులో రాయండి. బాయిలరుకి హైడ్రోటెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) ఎప్పుడు?

నాగావళి ఒడ్డు — శనివారం, రాత్రి 10:00

బ్యాంకు వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే గురువారం. బాయిలరు నీళ్ళని ముందే వేడిచేసే ఎకనమైజరు ట్యూబుల మందం కూడా ఆ రోజే కొలిపిస్తాం. టీచరుగారూ, గోడ అవతలి ఊళ్ళో వార్డు మెంబరుని రమ్మని నాన్నగారు స్వయంగా వెళ్ళి చెప్పొచ్చారు. కొలతలు ఇక్కడే పెడతాను.